నలుగురు వంటవాళ్లు, ఒకటే మిక్సీ: కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు



ఈమధ్య ఒక తండ్రి నాకు ఫోన్ చేశారు. వాళ్ల అబ్బాయి మన దగ్గర పదకొండో తరగతి, కంప్యూటర్ సైన్స్ తీసుకున్నాడు. "సార్, మావాడు ల్యాప్‌టాప్ మార్చాలంటున్నాడు. పదహారు కోర్లది కావాలట. ఉన్నది కొని రెండేళ్లు కాలేదు. నిజంగా అవసరమేనంటారా?" అని అడిగారు. గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. అవసరమని నేనంటే ఎలాగో ఒకలా సర్దుబాటు చేసి కొనేసే మనిషి. అందుకే ఫోన్‌లో అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. "రేపు ఆ ల్యాప్‌టాప్ పట్టుకుని ల్యాబ్‌కి రమ్మనండి, చూద్దాం" అన్నాను.

వాడు రాసిన ప్రోగ్రామ్ చిన్నదే. 10 లక్షల లోపు ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. జవాబు 78,498. అది సరిగ్గానే వచ్చింది. కానీ ఏడు సెకన్లు పట్టింది. ఏదో వీడియోలో 'థ్రెడ్లు వాడితే వేగం పెరుగుతుంది' అని చూసి, పనిని నాలుగు థ్రెడ్లకు పంచాడు. అంటే పావు వంతు చొప్పున నాలుగు ముక్కలు, నాలుగూ ఒకేసారి నడుస్తాయని. ఏడు సెకన్ల పని రెండు సెకన్లలో అయిపోతుందనుకున్నాడు. ఏడు మీద ఇంకొంచెం పట్టింది! "ఉన్నవి నాలుగే కోర్లు సార్, చాలట్లేదు" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి తోచిన కారణం అదే.

ఇలాంటి కోరిక మీ ఇంట్లోనూ ఏదో ఒక రోజు వినబడుతుంది. అప్పుడు మీకు పనికొస్తుందని ఆ రోజు ల్యాబ్‌లో జరిగింది కొంచెం వివరంగా చెబుతాను.

కోర్లు ఎందుకు పెరిగాయి?

మీలో చాలామంది మొదటి కంప్యూటర్ కొన్న రోజుల్లో షాపువాళ్లు చెప్పే లెక్క ఒకటే: మెగాహెర్ట్జ్ ఎంత, గిగాహెర్ట్జ్ ఎంత. ఏటేటా ఆ అంకె పెరిగేది. పాత ప్రోగ్రామ్‌నే కొత్త కంప్యూటర్‌లో వేస్తే దానంతట అదే వేగంగా నడిచేది. అంకె పెంచేకొద్దీ చిప్ విపరీతంగా వేడెక్కడంతో ఆ దారి మూసుకుపోయింది. 2004లో ఇంటెల్ తాను తలపెట్టిన ఒక వేగవంతమైన చిప్‌ను మధ్యలోనే మానేసింది. 2005లో ఇంటెల్, ఏఎండీ రెండూ మామూలు కంప్యూటర్లకు రెండు కోర్ల చిప్‌లు తెచ్చాయి. ఒక్క వంటవాణ్ణి ఇంకా వేగంగా పరిగెత్తించలేక ఇద్దర్ని పెట్టారన్నమాట. అదే ఏడాది హెర్బ్ సట్టర్ అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసం రాశారు. దాని పేరు 'ది ఫ్రీ లంచ్ ఈజ్ ఓవర్'. ఊరికే వచ్చిన వేగం ఇక రాదు, ఇకమీదట పనిని పంచి రాయడం ప్రోగ్రామరే నేర్చుకోవాలని దాని సారాంశం.

ఈ పంచడమే కష్టం. పెళ్లింటి వంట చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఒక్క మనిషి వంట చేస్తున్నా, కుక్కర్‌లో పప్పు ఉడుకుతుండగా కూరగాయలు తరుగుతారు. మధ్యలో పాలు పొంగకుండా చూస్తారు. చేతులు రెండే, అయినా మూడు పనులు నడుస్తున్నాయి. ఒకటి ఆగినచోట ఇంకొకటి అందుకుంటున్నారు. దీన్ని ప్రోగ్రామర్లు కంకరెన్సీ అంటారు. ఇద్దరు మనుషులు రెండు కత్తిపీటల మీద ఒకే క్షణంలో తరుగుతుంటే అది పారలలిజం. మొదటిది పని అమర్చుకునే తీరు, రెండోది నిజంగా ఎక్కువ చేతులు ఉండటం. ఈ రెండూ ఒకటేననుకోవడం దగ్గరే మనవాడి లెక్క తప్పింది.

వాడు రాసింది పైథాన్‌లో. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఉన్న భాష అదే. మామూలుగా మనం వాడే పైథాన్‌లో ఒక తాళం ఉంటుంది. దాని పేరు జీఐఎల్. ఒక ప్రోగ్రామ్‌లో ఎన్ని థ్రెడ్లున్నా, ఏ క్షణంలోనైనా ఒక్కటే పైథాన్ ఆజ్ఞల్ని అమలు చేయాలన్నది దాని నియమం. నలుగురు వంటవాళ్లున్నారు, మిక్సీ ఒకటే ఉంది. నలుగురికీ పచ్చడి రుబ్బే పనే అప్పజెబితే ఏమవుతుంది? ఒకరు రుబ్బుతుంటే ముగ్గురు నిలబడతారు. పైగా చేతులు మారిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది. ఏడు సెకన్లు పెరిగింది అందుకే. ల్యాప్‌టాప్‌లో పదహారు కోర్లుంటే పదిహేను ఖాళీగా కూర్చునేవి, అంతే తేడా.

అలాగని థ్రెడ్లు దండగ కాదు. ఇంటర్నెట్ నుంచి యాభై ఫొటోలు దించుకునే ప్రోగ్రామ్ అయితే పని ఎక్కువగా ఎదురుచూపే. కుక్కర్ విజిల్ కోసం ఆగినవాడు మిక్సీని పక్కవాడికి వదిలేస్తాడు. అక్కడ పైథాన్ థ్రెడ్లు బాగా పనిచేస్తాయి. ప్రధాన సంఖ్యల లెక్కలో ఎదురుచూపు లేదు, అంతా రుబ్బుడే.

మరి నాలుగు కోర్లూ పనిచేయాలంటే? నాలుగు వేర్వేరు వంటిళ్లు పెట్టాలి, ఎవరి మిక్సీ వాళ్లకి. పైథాన్‌లో దానికి మల్టీప్రాసెసింగ్ అనే సదుపాయం ఉంది. వాడి ప్రోగ్రామ్‌లో నాలుగైదు లైన్లు మార్పించాను. సమయం మూడు సెకన్ల లోపుకు దిగింది. వాడి ముఖం వెలిగింది గానీ వెంటనే అడిగాడు, "నాలుగో వంతు కావాలిగా సార్, రెండు సెకన్ల లోపే రావాలిగా?"

మంచి ప్రశ్న. నిజానికి ఆ రోజు నాకు బాగా నచ్చింది ఆ ప్రశ్నే. సంఖ్యల్ని సమానంగా నాలుగు భాగాలు చేశాడు, పనిని చేయలేదు. చిన్న సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చడం తేలిక, పెద్ద సంఖ్యకు ఎక్కువసార్లు భాగించి చూడాలి. ఏడున్నర లక్షల నుంచి పది లక్షల దాకా తీసుకున్న నాలుగో ప్రాసెస్‌కి మొత్తం పనిలో మూడో వంతు పైనే పడింది. మిగతా మూడూ పని ముగించి దాని కోసం కూర్చున్నాయి. ఇంట్లో అంట్లు నలుగురికీ తలా పది పంచి, ఒకరి వాటాలో అడుగంటిన గిన్నెలన్నీ పెట్టినట్టు. చిన్నచిన్న ముక్కలు చేసి, ఎవరిది అయిపోతే వాళ్లు తరవాతి ముక్క తీసుకునేలా మార్చాం. రెండు సెకన్ల దరిదాపుకు వచ్చింది.

ఆరో తరగతి లెక్క

అప్పుడు వాడితో అన్నాను, "ఏం నాన్నా, ఆరో తరగతి లెక్కల పుస్తకంలో ప్రధాన సంఖ్యలు ఎలా కనుక్కున్నావు?"

కాసేపు ఆలోచించాడు. తరవాత వాడే అన్నాడు, "జల్లెడ సార్." ఎరటోస్తనీస్ జల్లెడ. రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకు పద్ధతి. మీ పిల్లలందరూ నోటుబుక్‌లో వంద గళ్లు గీసి చేసే ఉంటారు. 2 ఉంచి దాని గుణిజాలన్నీ కొట్టేయాలి, 3 ఉంచి దాని గుణిజాలు కొట్టేయాలి, చివరికి మిగిలినవే ప్రధాన సంఖ్యలు. ఒక్కో సంఖ్యనూ పట్టుకుని భాగించి చూడక్కర్లేదు.

దాన్ని పది పన్నెండు లైన్లలో రాశాడు. థ్రెడ్లు లేవు, ప్రాసెస్‌లు లేవు, ఒక్క కోరే. అదే రెండేళ్ల నాటి ల్యాప్‌టాప్. ఎంటర్ నొక్కి వేలు తీసేసరికి జవాబు వచ్చింది: 78,498. ఒక్క సెకను కూడా పట్టలేదు.

కొత్త ల్యాప్‌టాప్ ప్రస్తావన ఆ తరవాత రాలేదు. ఒకటి రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడని వాళ్ల నాన్నగారు చెప్పారు. అది సహజమే.

కోర్లు ఎక్కువైనా లాభానికి ఒక హద్దు ఉంటుందని జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజినీరు 1967లోనే చూపించారు. ఇడ్లీ సంగతి తీసుకోండి. పప్పు కడగడం, రుబ్బడం, ప్లేట్లలో వేయడం పదిమంది పంచుకోవచ్చు. పిండి పులియడానికి మాత్రం ఒక రాత్రి పట్టాల్సిందే, ఇంటినిండా మనుషులున్నా సరే. ఒక ప్రోగ్రామ్‌లో పదో వంతు పని అలా పంచలేనిది ఉందనుకుందాం. ఎనిమిది కోర్లు పెడితే వేగం ఎనిమిది రెట్లు కాదు, సుమారు 4.7 రెట్లు అవుతుంది. పదహారు పెడితే 6.4 రెట్లు. వెయ్యి కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు. డబ్బు రెట్టింపు పెడితే వేగం రెట్టింపు కాదని కొట్టుకు వెళ్లే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

ఒకే ఖాతా పుస్తకం, రెండు కలాలు

వేగం సంగతి ఇలా ఉంటే, పంచి చేసే పనిలో ఇంకో చిక్కుంది. నన్నడిగితే ఇదే పెద్దది.

కిరాణా కొట్టులో మీ ఖాతా బాకీ 500 రూపాయలు. మీరు 200 సరుకులు తీసుకున్నారు, అదే సమయంలో మీ అబ్బాయి ఇంకో పక్క 100 రూపాయల బిస్కెట్లు తీసుకున్నాడు. కొట్టాయన పుస్తకంలో 500 చూసి 700 అని మనసులో కూడుకున్నాడు. ఆయన కొడుకు కూడా అదే 500 చూసి 600 అనుకున్నాడు. ఆయన 700 రాశాడు, వెనకే కొడుకు దాన్ని కొట్టేసి 600 రాశాడు. ఉండాల్సింది 800. ఇద్దరి కూడికా తప్పు లేదు, పుస్తకం మాత్రం తప్పు. దీన్ని ప్రోగ్రామర్లు రేస్ కండిషన్ అంటారు. వంద సార్లు నడిపితే తొంభై తొమ్మిది సార్లు జవాబు సరిగ్గా రావచ్చు. ఆ ఒక్కసారి ఎప్పుడొస్తుందో చెప్పలేం. టీచర్ ముందు నడిపినప్పుడు రాదు, అదే దాని గుణం!

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలో కొంత భాగం చీకటైపోయాయి. దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. మొదటి కారణం హైటెన్షన్ తీగలు చెట్లకు తగలడం. అయితే ఒహాయో రాష్ట్రంలోని విద్యుత్ కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియాల్సిన సమయంలో తెలియలేదు. హెచ్చరికలు మోగించే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి రేస్ కండిషనే ఉండి, అది చిక్కుకుపోయింది. గంటకు పైగా అలారం మోగలేదు, అది పాడైందన్న సంగతీ ఎవరికీ తెలియలేదు. అంతకుముందు 1985-87 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురు రోగులకు మోతాదు మించి ఇచ్చింది, అందులో కొందరు చనిపోయారు. ఆ ప్రమాదాల్లోనూ ఇలాంటి తప్పు బయటపడింది.

మందు ఏమిటంటే, పుస్తకానికి ఒకే కలం కట్టేయడం. కలం చేతిలో ఉన్నవాడే చూడాలి, వాడే రాయాలి, మిగతావాళ్లు ఆగాలి. ప్రోగ్రామ్‌లో దీన్ని లాక్ అంటారు. కలం ఒకటే అయితే మళ్లీ వరస తయారవుతుంది, వేగం తగ్గుతుంది. రెండు లాక్‌లు పెడితే ఇంకో తంటా. ఇద్దరు పిల్లల్లో ఒకడి దగ్గర పెన్సిల్, ఒకడి దగ్గర స్కేలు ఉంటే, "నువ్విస్తే నేనిస్తా" అని ఇద్దరూ గీత గీయకుండా కూర్చోవడం మీరు చూసే ఉంటారు. కంప్యూటర్లూ అచ్చం అలాగే కూర్చుంటాయి, దానికి డెడ్‌లాక్ అని పేరు. తొందరగా నడవాలి, తప్పు రాకూడదు, ఆగిపోకూడదు. ఈ మూడింటి మధ్య తూకమే ఈ పనిలో ఉన్న విద్యంతా.

ఏ భాష, ఏ సాఫ్ట్‌వేర్?

పేరెంట్స్ మీటింగ్‌లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. "సార్, పక్కింటి అమ్మాయి ఇంకేదో నేర్చుకుంటోందట, మావాడు వెనకబడిపోతాడా?"

ముందు, కోడ్ టైప్ చేసే ఎడిటర్ సంగతి. దీని మీద ప్రోగ్రామర్లు దాదాపు యాభై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నారు. 1976లో బిల్ జాయ్ వీఐ తయారు చేశారు, అదే ఏడాది ఈమ్యాక్స్ పుట్టింది. ఏది గొప్పదన్న వాదన నేటికీ తెగలేదు. ఈనాటి కుర్రాళ్లు ఎక్కువగా 2015లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన వీఎస్ కోడ్ వాడుతున్నారు, అదీ ఉచితమే. నేను వీఐ వంశంలోని విమ్ వాడతాను. మౌస్ ముట్టుకోకుండా నేను పని చేస్తుంటే పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎడిటర్ వల్ల ప్రోగ్రామ్ వేగం ఒక్క సెకను కూడా మారదు. మీ వంట ఏ గిన్నెలో వడ్డించినా ఉప్పు అంతే ఉంటుంది. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ స్కూలు పనికి చాలు.

భాష మాత్రం తేడా చేస్తుంది. ఎర్లాంగ్ అనే భాష 1986లో ఎరిక్సన్ అనే టెలిఫోన్ల కంపెనీలో పుట్టింది. వేల కాల్స్ ఒకేసారి నడవాలి, ఒకటి తెగితే మిగతావి తెగకూడదు, దాని అవసరం అది. ఎవరి పుస్తకం వాళ్లదే, పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చీటీ పంపాలన్నది దాని పద్ధతి. మీరు రోజూ వాడే వాట్సాప్ సర్వర్లను ఆ భాషతోనే కట్టారు. 2012లో ఒక్కో సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టామని వాళ్లు ప్రకటించారు. గూగుల్ 2009లో విడుదల చేసిన గో భాషలో ఒకేసారి నడిచే పనుల్ని రాయడం చాలా తేలిక. అంతకన్నా నాకు నచ్చేది, ఇందాకటి కిరాణా తప్పుని పసిగట్టే పరికరం ఆ భాషతో పాటే రావడం. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇద్దరు ఒకే పుస్తకం మీద కలం పెడితే ఏ లైన్లో పెట్టారో చెబుతుంది. 2015లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చిన రస్ట్ ఇంకా కఠినం. అలాంటి తప్పు ఉందంటే చాలా వరకు ప్రోగ్రామ్‌ను తయారే కానివ్వదు. కొత్తవాళ్లను ఏడిపిస్తుంది, నిజమే.

పైథాన్ కూడా మారుతోంది. 2024 అక్టోబరులో వచ్చిన 3.13తో ఆ ఒక్క మిక్సీ నియమం లేని వెర్షన్‌ను ప్రయోగాత్మకంగా విడిగా ఇచ్చారు. 2025 అక్టోబరు నాటి 3.14లో దానికి అధికారిక మద్దతు వచ్చింది. ఇక పైథాన్ థ్రెడ్లూ అన్ని కోర్లనూ వాడుకోగలవు. దానితో పాటే ఖాతా పుస్తకం భయమూ పెరుగుతుంది.

పిల్లలు ఇప్పుడు ఏఐ సాయంతో కూడా కోడ్ రాయించుకుంటున్నారు, దాచి లాభం లేదు. థ్రెడ్లతో నిండిన వంద లైన్లు అది నిమిషంలో ఇస్తుంది. ఒకసారి నడిపి జవాబు వచ్చింది కదా అని వదిలేయకూడదు. ఎందుకో పైన కొట్టు కథలో చూశారు.

పదకొండు, పన్నెండు తరగతుల సిలబస్‌లో ఉన్న పైథాన్, మైఎస్‌క్యూఎల్ రెండూ నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ అనే చోట ప్రాసెసర్ ఎంత పనిచేస్తోందో గీతలుగా కనిపిస్తుంది. "ల్యాప్‌టాప్ చాలట్లేదు" అని మీవాడో మీ అమ్మాయో అన్నప్పుడు, పక్కన కూర్చుని ఆ ప్రోగ్రామ్ నడిపించండి. నాలుగు కోర్ల యంత్రం పాతిక శాతం దగ్గరే ఆగిపోతే పని ఒక్క కోర్ మీదే ఉందన్నమాట. పదహారు కోర్లు కొన్నా ఆ ఒక్కటే పనిచేస్తుంది. తరవాత, ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు కొలిచావు, వేరే పద్ధతి ఏదైనా ప్రయత్నించావా అని అడగండి. మీకు కోడింగ్ రాకపోయినా ఈ ప్రశ్నలు అడగొచ్చు. కొలవకుండా "నెమ్మదిగా ఉంది" అంటే నేను క్లాసులో ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున కంప్యూటర్ ల్యాబ్ మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. ఆ అబ్బాయి తన ప్రోగ్రామ్ అన్ని రకాలనూ వరసగా నడిపి చూపిస్తానన్నాడు, మొదటి ఏడు సెకన్లదీ, చివరి జల్లెడా. కొనాలా వద్దా అని తేలని ల్యాప్‌టాప్ మీ ఇంట్లోనూ ఉంటే, ఛార్జర్‌తో సహా తెచ్చుకోండి. అక్కడే నడిపి చూద్దాం.